ఫోటో అంచున నిలబడేదెవరు

మూడో పీరియడ్ గంట కొట్టినా వాన తగ్గలేదు. బడి ఆవరణలో పైపుల కోసం తవ్విన గుంతలన్నీ నీళ్ళతో నిండిపోయాయి. ఐదో తరగతి గ్రూప్ ఫోటో ఇక గదిలోనే తీయాలని చెప్పి, టీచర్ హెడ్ మాస్టర్‌ని పిలుచుకురావడానికి వెళ్ళారు.

పిచ్చుక గాల్లో తేలిపోతోంది. ఫోటో తీసేది తనే మరి. మనిషి చిన్నది, వాగుడు ఆపదు, అందుకే ఇంట్లోనూ బడిలోనూ అందరికీ తను పిచ్చుకే. వాళ్ళ పిన్ని ఫోటోగ్రాఫర్. కొత్తగా కట్టిన ఇళ్ళలో గదుల ఫోటోలు తీయడం ఆమె పని. ఆ పనికి వాడే కెమెరాని లెన్స్‌తో సహా ఒక్క రోజుకి పిచ్చుక చేతికిచ్చింది. ఇచ్చేముందు పట్టీని మెడలో వేసి, రెండుసార్లు లాగి చూసుకుంది.

ఆ లెన్స్ పొట్టిది, బరువైనది. దానికి జూమ్ లేదు. ఎవరైనా పెద్దగా కనపడాలంటే మనమే నడిచి దగ్గరికి వెళ్ళాలి. కానీ ఇరుకు గదినంతా ఒక్క ఫోటోలో పట్టేస్తుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఫ్లాష్ అక్కర్లేదు, ఉన్న కాస్త వెలుతురే దానికి చాలు. ఇవన్నీ చెప్పాక పిన్ని ఒక జాగ్రత్త కూడా చెప్పింది. ఫోటో అంచుల్లో మనుషుల్ని పెట్టకు, పక్కకి సాగిపోయి కనిపిస్తారు అంది. పిచ్చుక సరే సరే అంది. అప్పటికే తన ఒక కాలు గడప అవతల ఉంది.

తరగతిలో బెంచీలన్నీ ఒక పక్కకి జరిపారు. ఇరవై ఆరుగురు మూడు వరసల్లో నిలబడ్డారు. పిచ్చుక టీచర్ బల్ల మీద స్టూల్ వేసి, దాని మీద కెమెరా పెట్టింది. వెనక్కి జరిగి జరిగి వీపు బ్లాక్‌బోర్డుకి ఆనింది, గౌనుకి సుద్ద అంటుకుంది. ఇంక వెనక్కి జరగడానికి చోటు లేదు. కెమెరాలో చూస్తే చివరనున్న ఒకడి భుజం తెగిపోతోంది.

మధ్య వరసలో సరిగ్గా నడిమధ్యన బుగ్గలు నిలబడి ఉంది. నిండు బుగ్గల పిల్ల కాబట్టి ఆ పేరు వచ్చింది. ఒకటో తరగతి నుంచీ తనూ పిచ్చుకా ఒకే బెంచీ. టైమర్ నొక్కి పిచ్చుక పరుగెత్తుకొస్తుంది కదా, అందుకని తన పక్కన చోటు ఉంచి, ఎవరొచ్చినా మోచేత్తో నెట్టేస్తోంది.

పిచ్చుకకి తొందరగా ఉంది. టీచర్ వచ్చేలోపు అంతా సరిగ్గా అమరిపోవాలి. బుగ్గలుతో గట్టిగా అంది: "నువ్వక్కడుంటే ఇద్దరి చోటు పోతోంది. ఆ చివరికెళ్ళి నిలబడు."

తరగతంతా గొల్లున నవ్వింది. బుగ్గలు మొహం చిన్నబోయింది. వెళ్ళి కిటికీ పక్కన, వరస చివర నిలబడింది. అప్పుడు పిచ్చుకకి పిన్ని మాట గుర్తొచ్చింది. గుర్తు రాలేదని నేను అబద్ధం చెప్పను. కొంచెం సాగితే ఏమవుతుందిలే అనుకుని, టీచర్, హెడ్ మాస్టర్ వచ్చి ముందు కూర్చోగానే టైమర్ నొక్కి, వెళ్ళి నడిమధ్యన నిలబడింది.

రెండు రోజుల తర్వాత ఫోటోలు వచ్చాయి. తలా ఒకటి ఇచ్చి, పెద్దది ఒకటి వరండాలో నోటీసు బోర్డుకి పెట్టారు. మధ్యలో ఉన్నవాళ్ళంతా చక్కగా ఉన్నారు. ఒక అంచున జరిపిన బెంచీలే ఉన్నాయి, రెండో అంచున బుగ్గలు మాత్రం అడ్డంగా సాగిపోయింది. మొహం గుమ్మడికాయంత అయింది. చెయ్యి దిండులా ఉంది. ఒక కుర్రాడు బుగ్గల నిండా గాలి నింపుకుని, చేతులు బార్లా చాపి, ఆ ఫోటో పక్కన నిలబడ్డాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

పిచ్చుక కూడా నవ్వింది. అందరికన్నా కాస్త ఎక్కువే నవ్వింది. తప్పు తనదని ఎవరూ అనకుండా ఉండాలంటే, ఆ నిమిషాన తనకి తోచిన దారి అదే. వెనక్కి తిరిగేసరికి బుగ్గలు అక్కడే నిలబడి ఉంది.

ఆ మర్నాటి నుంచి బుగ్గలు చివరి బెంచీకి వెళ్ళిపోయింది. అక్కడి నుంచే బోర్డు బాగా కనిపిస్తుందని టీచర్‌కి చెప్పిందట. మధ్యాహ్నం డబ్బా తెరిచి, గోడవైపు తిరిగి తినేది. వేరే తరగతుల పిల్లలు ఫోటోలో ఉన్నది ఎవరా అని గుమ్మంలోంచి తొంగి చూసి వెళ్ళేవాళ్ళు. పిచ్చుక పక్కన బెంచీ ఖాళీగా ఉండిపోయింది. మాట్లాడ్డానికి ఎవరూ లేక, పిచ్చుక నోరు మొదటిసారి మూతపడింది.

శనివారం సాయంత్రం లెక్కల నోట్సు ఇచ్చే వంకతో పిచ్చుక, బుగ్గలు వాళ్ళింటికి వెళ్ళింది. బుగ్గలు వాళ్ళమ్మ టైలర్. ముందు గదిలో మిషన్ తొక్కుతూ, నోట్లో పిన్నులు పెట్టుకుని, లోపలికి వెళ్ళమని కళ్ళతోనే చెప్పింది. లోపల బుగ్గలు నేల మీద కూర్చుని ఉంది. చేతిలో వాళ్ళమ్మ బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. ముందు ఆ గ్రూప్ ఫోటో.

ఫోటో కుడి అంచు తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు తెగి ఉంది. పక్కన గుడ్డ ముక్కల్లో సన్నటి ఫోటో ముక్క ఒకటి పడి ఉంది. అందులో బుగ్గలు ఉంది.

బుగ్గలు వాళ్ళ నాన్న సరుకు ఓడలో వంటవాడు. ఏడాదికి ఒక్కసారే ఇంటికి వస్తాడు. ఓడలో ఫోన్ సరిగ్గా పలకదు. నెలకోసారి కంపెనీ ఆఫీసు నుంచి ఉత్తరాల సంచి ఒకటి వెళ్తుంది. ప్రతి సంవత్సరం తరగతి ఫోటో అందులోనే పంపాలి. ఆయన దాన్ని తను పడుకునే చోట గోడకి అంటించుకుంటాడు. ఇదంతా పిచ్చుకకి ముందే తెలుసు. ఆ గోడ మీద తను కూడా ఉన్నానని బోలెడుసార్లు గొప్పలు పోయింది.

"అలా పంపిస్తే మీ నాన్న నిన్ను వెతుక్కోరా?" అని అడిగింది పిచ్చుక.

"ఆ రోజు నాకు జ్వరమొచ్చి బడికి రాలేదని రాశాను," అంది బుగ్గలు తల ఎత్తకుండా. "ఇది చూసి నాన్న కూడా నవ్వితే నేనేం చెయ్యను?"

పిచ్చుక లెక్కల నోట్సు అక్కడే పెట్టి బయటికొచ్చేసింది. దారి పొడుగునా ఏడ్చింది. ఎవరైనా అడిగితే కంట్లో నలక పడిందని చెబుదామనుకుంది కానీ, ఎవరూ అడగలేదు.

నేరుగా పిన్ని దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేసింది. నవ్విన సంగతి దాచాలనిపించింది, కానీ దాచలేదు. పిన్ని తిట్టలేదు. కెమెరా తీసి బల్ల మీద పెట్టి, ఒక రబ్బరు బంతి తెచ్చి, పిచ్చుకని కెమెరాలోంచి చూడమంది. మధ్యలో ఉన్నంతసేపూ బంతి గుండ్రంగానే ఉంది. పిన్ని దాన్ని మెల్లగా అంచుకి దొర్లిస్తుంటే అది కోడిగుడ్డులా సాగిపోయింది. మళ్ళీ మధ్యకి తెస్తే మళ్ళీ గుండ్రంగా అయింది. పిచ్చుక ఆ బంతిని తన చేత్తో నాలుగుసార్లు అటూ ఇటూ దొర్లించి చూసింది.

"ఎవరు సాగిపోతారో ఫోటో తీసేవాళ్ళకి ముందే కనపడుతుంది. అక్కడ నిలబడ్డవాళ్ళకి తెలీదు," అంది పిన్ని.

సోమవారం పొద్దున్నే పిచ్చుక టీచర్ దగ్గరికి వెళ్ళింది. జరిగింది చెప్పి, ఫోటో మళ్ళీ తీయనివ్వమని అడిగింది. టీచర్ శుక్రవారం చివరి పీరియడ్‌లో తీసుకోమన్నారు. పాత ఫోటోని బోర్డు మీంచి తనే తీసేసి సొరుగులో పెట్టారు.

శుక్రవారానికి వాన వెలిసింది కానీ ఆవరణ ఇంకా బురదే. మళ్ళీ అదే గది, అదే గోడ. వరసలు ఎంత దగ్గరగా సర్దినా, కిటికీ పక్కన ఒకరు నిలబడక తప్పేలా లేదు. బుగ్గలు సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గరే ఉండిపోయింది. తను ఫోటోలో ఉండనని, ఎవరూ బలవంతం చేయొద్దని టీచర్‌కి చెప్పేసింది.

పిచ్చుక కెమెరాని సరిగ్గా పెట్టి, ఎక్కడ నొక్కాలో టీచర్‌కి చూపించింది. తర్వాత నడిచి వెళ్ళి కిటికీ పక్కన, వరస చివర నిలబడింది. అక్కడుంటే నువ్వు ఏనుగులా వస్తావే అని ఎవరో అన్నారు. కిసుక్కుమని నవ్వులు లేచాయి.

"తెలుసు," అంది పిచ్చుక. గొంతు పెంచింది. "పోయినసారి తనని ఇక్కడికి పంపింది నేనే. సాగిపోతుందని తెలిసీ ఇక్కడే ఉంచాను. మీరందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. తప్పు నాది."

వరస మధ్యలో బుగ్గలు పాత చోటు ఖాళీగా ఉంది. టీచర్ కెమెరా వెనక నిలబడి ఆగారు. తర్వాత బుగ్గలు సంచీ దించి, ఎవరి వైపూ చూడకుండా వచ్చి మధ్యలో నిలబడింది. టీచర్ నొక్కారు.

ఫోటో వచ్చింది. బుగ్గలు మొహం మామూలుగా ఎలా ఉంటుందో అలాగే ఉంది. తను మాత్రం నవ్వలేదు. కిటికీ పక్కన పిచ్చుక మొహం పళ్ళెంలా సాగిపోయి ఉంది. అందరూ నవ్వారు. ఏమీ అనిపించదులే అనుకుంది పిచ్చుక, కానీ ప్రాణం చివుక్కుమంది. అంతమంది నవ్వుతుంటే ఎంత బాధగా ఉంటుందో అప్పుడు తెలిసింది. బుగ్గలు నవ్వలేదు. అలాగని పిచ్చుకతో మాట్లాడనూ లేదు. తన ఫోటో తీసుకుని చివరి బెంచీకి వెళ్ళిపోయింది. ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనని పిచ్చుకకి భయం వేసింది.

సాయంత్రం గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయారు. పిచ్చుక సంచీ సర్దుకుంటుంటే బుగ్గలు వచ్చి పక్కన నిలబడింది. జిగురు ఉందా అని అడిగింది. ఆ శనివారం తర్వాత అదే మొదటి మాట. పిచ్చుక జిగురు సీసా తీసిచ్చింది.

కత్తిరించిన ఫోటో ఆ నెల సంచిలో ముందే వెళ్ళిపోయింది. బుగ్గలు బెంచీ మీద కొత్త కవరు పెట్టి, అందులో ముందు ఉత్తరం పెట్టింది. పెడుతున్నప్పుడు మొదటి వాక్యం పిచ్చుక కంట పడింది. 'నాన్నా, ఆ రోజు నాకు జ్వరం రాలేదు' అని ఉంది. తర్వాత ఫోటోని, ఏ అంచూ కత్తిరించకుండా, మొత్తంగా కవర్లో పెట్టి అంటించింది.