యాదలక్ష్మి పేరు మీద డిపాజిట్

ఉదయం ఏడున్నర. సరూర్‌నగర్ ఇంట్లో భానుమూర్తి ఎప్పటిలాగే పత్రికను చివరి పేజీ నుంచి వెనక్కి చదువుకొస్తున్నాడు. ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చిందా, మళ్లీ వాయిదా పడిందా అన్నదొక్కటే ఆయనకు వార్త. దిల్‌సుఖ్‌నగర్ సందులోని ఆయన ప్రెస్సు కోచింగ్ సెంటర్ల మెటీరియల్ మీదే బతుకుతుంది. నోటిఫికేషన్ వస్తే యంత్రాలకు ఊపిరి సలపదు. రాకపోతే రీముల కొద్దీ కాగితం దుమ్ము పట్టిపోతుంది.

కూతురు బిందుమాధవి వంటింట్లో ఉప్మా కలుపుతూ ఆయననే గమనిస్తోంది. ప్రెస్సు ఇప్పుడు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, డైరెక్టర్లు తండ్రీకూతుళ్లిద్దరే. కొత్త డిజిటల్ యంత్రానికి బ్యాంకు అప్పు మంజూరైంది. ఆమె సంతకం పెట్టి నెలయింది. ఆయన సంతకానికి ఈ సాయంత్రమే గడువు. అడిగినప్పుడల్లా "చూద్దాం" అంటాడు. ఎందుకు చూడాలో చెప్పడు. మనిషి కారణం చెప్పడం లేదంటే కారణం లేదని కాదు, అది చెప్పుకోదగింది కాదని ఆమె నమ్మకం.

గేటు చప్పుడైంది. బైండింగ్ పని చూసే యాదలక్ష్మి. బడంగ్‌పేట్ నుంచి తిన్నగా ప్రెస్సుకు వెళ్లే మనిషి ఇంటికి రావడం ఇదే మొదలు. లోపలికి రమ్మంటే రాలేదు. హాల్లోకి ఒకసారి చూసి, కొంగుచాటు నుంచి బ్యాంకు కవరు తీసింది.

"మేడం, జర గిది చూడుండ్రి. ఇంటికి పోస్టుల వచ్చింది. మీసేవల చదివిపిస్తే నా పేరు మీద నాలుగు లక్షల డిపాజిట్ ఉన్నదంటుండ్రు. నేనెన్నడు బ్యాంకు మెట్లెక్కలే. సారే పీఎఫ్ కాగితాలని సంతకాలు పెట్టిచ్చుకున్నడు."

బిందుమాధవి కాగితం రెండుసార్లు చదివింది. పన్ను ఎగవేయడానికా? తన కంట పడకుండా దాచడానికా? భర్త పోయిన ఆడమనిషి పేరు మీద డబ్బు అంటే లోకం అనుకునే మూడో మాట కూడా మనసులో మెదిలింది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. అయితే సిగ్గుపడినంత మాత్రాన అనుమానం అబద్ధమైపోదు. యాదలక్ష్మిని వెంటబెట్టుకుని హాల్లోకి నడిచి, కవరు తండ్రి ముందు పెట్టింది.

భానుమూర్తి ముఖం పాలిపోయింది. "ఇది వాళ్లింటికెలా వచ్చింది? అన్నిట్లోనూ మన అడ్రసే, నా ఫోన్ నంబరే ఇచ్చానే."

"మీరు అడగాల్సింది అది కాదు నాన్నా."

"సార్, పైసలు దాయనీకి నా పేరే దొరికిందా?" యాదలక్ష్మి గొంతు పెంచలేదు. "గీ సంగతి తెలిస్తే నా పింఛను బంద్ చేస్తరు. ఇరవై ఏండ్ల సంది మీ తాన పని చేస్తున్న. ఒక్క మాట అడగొద్దా?"

పింఛను సంగతి ఆయనకు తట్టనే లేదు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఆమె ఒక్కతే కాదు, పనివాళ్లు ఆరుగురి పేరా అలాంటి డిపాజిట్లున్నాయి. కరోనాలో కోచింగ్ సెంటర్లు మూతపడ్డ ఏడాది, జీతాల కోసం దాచిన కంపెనీ డిపాజిట్‌ను బ్యాంకు పాత యంత్రం బాకీ కింద జమ చేసుకుంది. అదే వారంలో ఆయన పనివాళ్లను ఇళ్లకు పొమ్మన్నాడు. మిషన్ నడిపే అంతయ్య నల్గొండ వైపు సొంతూరికి పోయి కూలికి దిగాడు, మళ్లీ రాలేదు. అప్పటి నుంచి మిగిలిన ప్రతి రూపాయీ పనివాళ్ల పేర్ల మీదే వేస్తున్నాడు. ప్రెస్సు ఆర్నెల్లు ఆగినా వాళ్ల పొయ్యి వెలగాలి.

"కంపెనీ పేరు మీదుంటే మళ్లీ బ్యాంకు పాలవుతుందమ్మా."

"బ్యాంకుకు భయపడితే బ్యాంకుకు తెలియకుండా దాచుకోండి. నా దగ్గరెందుకు దాచారు? అప్పుకు మన వాటాగా కట్టాల్సిన మార్జిన్ కోసం నేను గాజులు తాకట్టు పెడుతుంటే చూస్తూ ఊరుకున్నారు. ఈ డబ్బుందని తెలిస్తే మార్జిన్ దీంతోనే కట్టేసేదాన్ని కదా."

అన్నాక తన మాట తనకే వినిపించింది. తండ్రి ఆమె వైపు చూడలేదు. యాదలక్ష్మి మాత్రం ఆమెను ఎగాదిగా చూసింది.

"అందుకే చెప్పలేదు," అన్నాడాయన మెల్లగా.

నెల రోజులుగా బిందుమాధవి తండ్రి మీద సాక్ష్యాలు పోగుచేస్తోంది. ఆయనకు కావలసిన సాక్ష్యాన్ని తానే ఒక్క వాక్యంలో ఇచ్చేసింది. ఆ డబ్బు ఎవరి అన్నమో విని నిమిషం కూడా కాలేదు.

"నీ తప్పని అనడం లేదు," అన్నాడు భానుమూర్తి. "బ్యాంకు ఊరికే తీసుకోలేదు బిందూ. అప్పట్లో ఆ పాత యంత్రం కొనే మోజులో జీతాల డిపాజిట్‌ను హామీగా రాసిచ్చింది నేనే. అంతయ్యకు ఆ ముక్క ఈనాటికీ చెప్పలేదు. నీ ముఖంలో ఆ ఉత్సాహం చూసినప్పుడల్లా నాకు నేనే కనబడుతున్నాను."

ఆమెకు కళ్లు మసకబారాయి. యాదలక్ష్మికి కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. ఆ ఆరుగురికీ ఇవాళే అంతా చెబుతామంది. పేరు వద్దన్నవాళ్ల పేరు తీసేసి, ఆ డబ్బు వాళ్ల జీతాలకు తప్ప ఇంక దేనికీ ముట్టకుండా, హామీ పెట్టకుండా డైరెక్టర్లుగా ఇద్దరం తీర్మానం రాద్దామంది.

"గది తెలుగుల రాయుండ్రి. చదివి పెడత సంతకం, ఈసారి," అంది యాదలక్ష్మి.

భానుమూర్తి తల వంచుకుని సరేనన్నాడు.

"గడువు పోతే పోనివ్వండి నాన్నా. నోటిఫికేషన్ వచ్చాక యంత్రం సంగతి మళ్లీ అడుగుతాను. అప్పుడూ వద్దంటే కారణం చెప్పాలి."

"పెద్ద కారణమేం లేదమ్మా," అన్నాడు భానుమూర్తి. "భయం. నీతో ఆ మాట అనడానికి నామోషీ అనిపించింది."

బిందుమాధవి ఆయన పక్కన నేల మీదే కూలబడి, మోకాలికి నుదురు ఆనించి ఏడ్చింది.