పదిహేడో నంబరు బిళ్ళ

వదినా, ఆ సబ్బుల ఫ్యాక్టరీలో మూడో డ్రమ్ము దగ్గర రాత్రిపూట ఒంటరిగా ఉండమంటే ఎంత మొనగాడైనా వంకలు వెతుక్కుంటాడు. ఒకడికి కడుపునొప్పి, ఇంకొకడికి ఇంట్లో చుట్టాలు! పాతికేళ్ళుగా ఆ చోటుకి అదే పేరు. నేనేం కల్పించట్లేదమ్మా, మీ అన్నయ్య నాకు చెప్పిందే నీకు చెప్తున్నా. వెనకాల ఈ డబడబలేంటని అడగకు, అదీ చెప్తా. ముందిది విను.

డ్రమ్మంటే మనింట్లో నీళ్ళ డ్రమ్ము అనుకునేవు… మా వంటగదంత ఉంటుందట, అడ్డంగా పడుకోబెట్టి. లోపల ఇనప రెక్కలు. స్విచ్ వేస్తే గిర్రున తిరిగి సబ్బు ముద్దని కలుపుతాయి. పనయ్యాక మనుషులు లోపలికి దూరి, అంటుకున్నదంతా గీకాలి.

వెనకటికి లోపలికి ఎవరెళ్ళారో చూసే దిక్కే లేదు. "అందరూ వచ్చేశారా?" అని ఓ కేక. జవాబు రాకపోతే వచ్చేసినట్టే! స్విచ్ వేసెయ్యడమే. హాజరు పట్టీలో పదిహేడో నంబరాయనకేమో ఆ మెషిన్ల హోరులో పనిచేసీ చేసీ చెవులు పోయాయి. కేక వినపడలేదు…

ఇంక చెప్పను వదినా. నీకర్థమైందిగా.

అప్పుడు పెట్టారు రూలు. లోపలికెళ్ళేవాడు తన నంబరున్న ఇత్తడి హాజరు బిళ్ళ స్విచ్ పక్కన హుక్కుకి తగిలించాలి. బయటికొచ్చాక ఎవరిది వాళ్ళే తీసుకోవాలి. హుక్కుకి బిళ్ళ ఉందంటే స్విచ్ ముట్టుకోకూడదు. పదిహేడో నంబరు మాత్రం మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.

అయినా… కొన్ని రాత్రులు హుక్కుకి వేలాడుతూ కనిపిస్తుంది. పదిహేడు!

ఆరేళ్ళ కిందట మీ అన్నయ్యకి అక్కడ స్విచ్ డ్యూటీ పడింది. మొదటి రాత్రే. అవతల మేనేజరు ఫోన్ మీద ఫోన్ — "ఇంకా మొదలెట్టలేదా? నిద్రపోతున్నావా?" ఈయన పరిగెత్తుకెళ్ళి స్విచ్ మీద చెయ్యి పెట్టబోయాడు. పక్కన హుక్కు. హుక్కుకి బిళ్ళ. మెల్లగా ఊగుతోందట… గాలి లేదు, ఫ్యాన్ లేదు.

పదిహేడు.

తీసి అవతల పారేసి స్విచ్ వేస్తే ఎవరికి తెలుస్తుంది? వెయ్యకపోతే రేపు ఫ్యాక్టరీ అంతా నవ్వుతుంది, దెయ్యానికి భయపడ్డాడని. చెయ్యి బిళ్ళ దాకా వెళ్ళింది.

అప్పుడు… డ్రమ్ములోంచి…

"ఘ్ర్‌ర్‌ర్‌…"

"ఎ… ఎవరూ?"

"ఘ్ర్‌ర్‌ర్‌…"

ధైర్యంగా వెళ్ళి మూత తీశానంటాడు మీ అన్నయ్య. టార్చి లైటు పైకప్పంతా డాన్సాడిందని తర్వాత బయటపడిందిలే. నువ్వే తేల్చుకో. బల్లిని చూస్తే నన్ను పిలిచే మనిషి ఆయన.

లోపల చూస్తే, రెక్కల మధ్య కాళ్ళు ముడుచుకుని… మన ఫిట్టరు! చోటు దొరికితే చాలు పడుకుంటాడని అందరూ 'కునుకు' అని పిలుస్తారే, అతనే. గీకుతూ గీకుతూ, చల్లగా ఉంది కదా అని ఒరిగాడట.

"లైటు తియ్యన్నా బాబూ, కళ్ళు పోతున్నాయి!"

"కళ్ళు తర్వాత! నీ బిళ్ళేదిరా?"

"ఇంకో చొక్కాలో ఉండిపోయిందన్నా. రెండు నిమిషాల పనేగా అని…"

ఇద్దరు ఆడపిల్లలు వదినా అతనికి. మీ అన్నయ్య అతన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. కాసేపటికి ఇటు తిరిగి చూస్తే… హుక్కు ఖాళీ. చుట్టుపక్కల ఎవరూ లేరు. దూరంగా, అప్పటి ముసలి ఫోర్‌మన్ దగ్గు మాత్రం వినపడిందట.

పోయినాయనే వచ్చి కాపాడాడన్నాడు మీ అన్నయ్య. నేను నమ్మాను! ఈయనకి నైట్ షిఫ్టంటే చాలు, ఆరేళ్ళుగా లైటేసుకునే పడుకుంటున్నా. ఆ పదిహేడో ఆయన ఈయన వెంట ఇంటికొస్తే ఏం మాట్లాడాలి చెప్పు?

ఇప్పుడసలు సంగతి. ఇవాళ ఈయన డ్యూటీకెళ్ళాక విప్పిన చొక్కా నానబెడదామని తీస్తే, జేబులో గట్టిగా ఏదో తగిలింది. తీసి చూశాను.

ఇత్తడి బిళ్ళ… పదిహేడు.

ఈయన ఫోర్‌మనై రెండేళ్ళు కదా. వెంటనే రిటైరైన ఆ పాత ఫోర్‌మన్‌కి ఫోన్ చేశా. "బాబాయిగారూ, పదిహేడో నంబరు మా ఇంట్లో ఉంది."



"దొరికిపోయాడా మీ ఆయన… నేనే ఇచ్చానమ్మా, దిగిపోయే రోజు. అంతకుముందు నేను తగిలించేవాణ్ణి, ఇప్పుడతను. రూలంటే ఎవడికి లెక్క? దెయ్యమంటే మాత్రం స్విచ్ వేసేముందు లోపలికి ఓసారి తొంగిచూస్తారు."

"ఆరేళ్ళు నా నిద్ర చెడగొట్టారు కదండీ! మీకెందుకొచ్చిందీ బుద్ధి?"

ఆయన దగ్గాడు. తర్వాత బాగా నెమ్మదిగా అన్నాడు —

"ఆ రోజు కేకేసి స్విచ్ వేసింది నేనేనమ్మా."

ఫోను పెట్టేసి వెంటనే ఈయనకి చేశా వదినా.

మీ అన్నయ్య ఫోను లాకర్లో పెట్టేసి ఉంటాడు, ఎత్తట్లేదు. ఇవాళ మూడో డ్రమ్ముకి స్విచ్ వేసేది కొత్తవాడని వెళ్ళేముందు ఈయనే అన్నాడు. లోపల ఏ కునుకుగాడు ఉన్నాడో ఎవరికి తెలుసు? అందుకే ఆటోలో ఉన్నా. డబడబలు దానివే. బిళ్ళ గుప్పిట్లో ఉంది, చెమటకి జారిపోతోంది.

అదిగో గేటు… బాబూ, ఇక్కడాపు, ఇక్కడే!

ఎవరికీ చెప్పకు వదినా. కునుకుకి అసలే చెప్పకు. ఉంటా మరి — దెయ్యానికి డ్యూటీ టైమైంది.