గ్లవ్ మీద చీమలు

సోమవారం ఉదయం ఆరూ ఇరవైకి జమ్మలమడుగు స్టేషన్‌కు ఫోన్ వచ్చింది. ఏడు కాకముందే ఎస్సై రమ్యశ్రీ బైపాస్ పక్కనున్న రేకుల షెడ్డులో ఉంది.

ఆ షెడ్డే బాక్సింగ్ అకాడమీ. గోడకు పెద్ద ఫ్లెక్సీ. అందులో బాక్సర్ శశిధర్, మెడలో ఎర్ర గ్లవ్స్ వేలాడేసుకుని, అరచేతిలో పావురాన్ని పట్టుకుని నవ్వుతున్నాడు. కింద "రింగులో పిడుగు, రింగు బయట వెన్నముద్ద" అని రాసుంది. పావురాన్ని కంప్యూటర్‌లో అతికించారు. దానికి ఒకటే కాలు.

లోపల పంచింగ్ బ్యాగ్ కింద, సిమెంటు నేల మీద హరికృష్ణ వెల్లకిలా పడి ఉన్నాడు. ఇరవై ఆరేళ్లు. దువ్వూరులో గొర్రెలు మేపే ఇంటి పిల్లవాడు. ప్రాక్టీసులో శశిధర్‌కు ఎదురు నిలబడి దెబ్బలు తినడం అతని ఉద్యోగం.

తల వెనక రక్తం గడ్డకట్టింది. బ్యాగ్ స్టాండు ఇనుప కాలికీ రక్తం అంటింది. ఎడమ దవడ కమిలింది. రెండు చేతులకూ ఎర్ర గ్లవ్స్ ఉన్నాయి. రెండిటికీ లేసులు బిగించి, మణికట్టు దగ్గర ముడి వేసి ఉంది.

ఎడమ గ్లవ్ మీద చీమలు బారు కట్టాయి.

హెడ్ కానిస్టేబుల్ చిన్నసుబ్బయ్య వంగి చూశాడు. "నెత్తురుకు వచ్చినాయి మేడమ్."

"నెత్తురు తల కింద ఉండాది. ఆడ ఒక్క చీమ కూడా లేదే."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని చూసింది. లేసు దూర్చే రంధ్రాల దగ్గర తెల్లటి మరక ఎండిపోయి ఉంది. చీమలు దాన్నే తవ్వుతున్నాయి.

శవాన్ని మొదట చూసింది కోచ్ నాసిర్. అరవై దాటిన మనిషి. నిన్న ఆదివారం సెలవనీ, తాళంచెవి గుమ్మం పైన రేకు కింద ఉంటుందనీ, ఆ సంగతి ఇక్కడ సాధన చేసే ప్రతివాడికీ తెలుసనీ చెప్పాడు. తాను రాత్రంతా ఇంట్లోనే ఉన్నాననీ, తోడు ఎవరూ లేరనీ కూడా అడక్కుండానే చెప్పాడు.

"ఈ గ్లవ్స్ ఎవరివి?"

"శశిధర్‌వి. పోయిన నెల హరికి బహుమతిగా ఇచ్చినాడు. వీడియో కూడా వచ్చింది మేడమ్."

రమ్యశ్రీ లేచి నిలబడింది. "సుబ్బయ్యన్నా, ముడులు విప్పొద్దండి. లేసులు కోసి తీయండి. చీమలతో సహా కవర్లో పెట్టండి."

ఏడున్నరకు తెల్ల కారు వచ్చింది. ముందు నయీం దిగాడు. అతను శశిధర్ వీడియోలు తీసే కుర్రవాడు. తర్వాత శశిధర్ దిగాడు. నల్లద్దాలు తీశాడు. శవం పక్కన మోకరిల్లాడు. వెలుతురు వెనక నుంచి వస్తోందని నయీం సైగ చేస్తే లేచి, ఇటు పక్కకు వచ్చి మళ్లీ మోకరిల్లాడు.

"ఇది శవపంచనామా. షూటింగ్ కాదు," అంది రమ్యశ్రీ.

నయీం ఫోన్ దించాడు. శశిధర్ ఏడుపు కూడా అక్కడితో ఆగింది.

ఆమె ఇలాంటివాళ్లను చూడకపోలేదు. జాతీయ పోటీల్లో ఒక్క కంచు పతకం. అదీ నాలుగేళ్ల కిందటిది. ఆ తర్వాత ఇతను గెలిచిన పోటీ లేదు. తెరిచిన షాపులు మాత్రం బోలెడు. రిబ్బన్ కత్తిరించిన ప్రతిచోటా పిడికిలి బిగించి నిలబడతాడు. పోయిన సంవత్సరం టోల్‌గేట్ దగ్గర ఒక పిల్లవాడి చెంప పగలగొట్టాడు. వారం తర్వాత వాడిని కౌగిలించుకుని వీడియో పెట్టాడు. చెంపదెబ్బ ఎవరికీ గుర్తులేదు. కౌగిలింత అందరికీ గుర్తుంది.

"నిన్న రాత్రి యాడున్నావు?"

"పులివెందులలో మేడమ్. ముసిలోళ్ల ఆశ్రమంలో అవ్వలకు పాయసం పెడ్తాన్నా." ఫోన్ తీసి చూపించాడు. రాత్రి ఎనిమిదీ పదికి పెట్టిన వీడియో. ట్యూబ్‌లైటు వెలుతురులో ఒక అవ్వ నోటికి చెంచా అందిస్తున్నాడు. మెడలో ఎర్ర గ్లవ్స్.

"ఈ గ్లవ్స్?"

"నాకు పది జతలుండాయి. హరికిచ్చింది వేరే జత."

"హరి ఎట్ల చనిపోయినట్టు?"

"ఒక్కడే ప్రాక్టీస్ చేసుకుంటా కాలు జారినట్టుండాది. నేనిచ్చిన గ్లవ్స్ అంటే వానికి ప్రాణం."

"దవడ కమిలిందే?"

"దవడ కమలకుండా బాక్సర్ ఉంటాడా మేడమ్?"

ఎనిమిదికి సీఐ వేదవ్యాస ఫోన్ చేశాడు. సాయంత్రం అయిదుకు ప్రొద్దుటూరులో శశిధర్ ఊరేగింపు ఉంది. బంగారు వర్తకులు వెండి బెల్టు బహూకరిస్తున్నారు. బందోబస్తు సీఐదే. ప్రమాదమని రాసి ముగించమన్నాడు. బాక్సర్ ఒంటి మీద దెబ్బలకు కారణాలు వెతుకుతూ కూర్చుంటే ఉద్యోగం చేసినట్టేనన్నాడు. సాయంత్రం వరకు టైమివ్వమని ఆమె అడిగింది. అయిదు దాటితే కుదరదని పెట్టేశాడు.

పదకొండుకు ప్రొద్దుటూరు ఆస్పత్రి. రాత్రి ఏడు, తొమ్మిది మధ్య ప్రాణం పోయిందని డాక్టర్ చెప్పాడు. స్టాండు ఇనుప కాలు తలకు తగలడమే కారణం. దవడ దెబ్బ పాతదో కొత్తదో వెంటనే చెప్పలేనన్నాడు.

మార్చురీ బయట హరికృష్ణ భార్య నందిని బెంచీ మీద కూర్చుని ఉంది. రమ్యశ్రీని చూసి లేచింది. ఏడవలేదు.

"పడి చచ్చిపోయినాడని రాస్తాండారంట గదా మేడమ్?"

"ఇంకా ఏమీ రాయలేదమ్మా. నిన్న ఆయన ఎందుకు పోయినాడు?"

నందిని చెప్పింది. పోయిన శుక్రవారం ప్రాక్టీసులో హరి కొట్టిన దెబ్బకు శశిధర్ కింద పడ్డాడు. ఎవరో పిల్లవాడు అది ఫోన్‌లో తీశాడు. ఊళ్లో తిరిగింది. దానికి మందుగా ఇంకో వీడియో తీయాలని శశిధర్ పట్టుబట్టాడు. అందులో తాను ఒక్కటి కొట్టాలి. హరి వెంటనే పడిపోవాలి.

"పడినట్టు నటించమన్నాడు. మా ఆయన ఒప్పుకోల్యా. ఎదురుగా నిలబడే చెప్పొస్తానని నిన్న సాయంత్రం అకాడమీకి పోయినాడు."

"ప్రాక్టీసుకు పోలేదా?"

"ప్రాక్టీసుకైతే గ్లవ్స్ తీసుకోకుండా పోతాడా? ఆయన గ్లవ్స్ ఇంట్లో దండెం మీద ఆరతాండాయి. నల్లవి. లేసులుండవు, పట్టీ అతికించుకునేవి."

"మరి శశిధర్ ఇచ్చిన ఎర్రవి?"

నందిని మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "వీడియో తీసినంకనే వెనక్కి తీసుకున్న్యాడు మేడమ్. కారెక్కేలోపల." మళ్లీ అంది. "నాకు వేరే ఏమీ వద్దు. పడినాడని మాత్రం రాయొద్దు. పడనని చెప్పేదానికే పోయినాడు."

ఒకటిన్నరకు రమ్యశ్రీ జీపు పులివెందుల చేరింది. వీడియోలో ఉన్న అవ్వ పేరు వెంకటలక్ష్మమ్మ. ఆశ్రమం వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"వాళ్లు రాత్రి ఎన్ని గంటలకొచ్చినారవ్వా?"

"రాత్రి ఏంది? మూడున్నరకొచ్చి నాలుగున్నరకు పాయిరి. కిటికీలన్నీ మూయించి లైట్లేసినారు. ఎండ కనపడకూడదంట."

"పాయసం పెట్టినారా?"

"పెట్టినాడు. ఒకే చెంచా నాలుగుసార్లు. మింగొద్దవ్వా, నోరు తెరుచుకోని ఉండు అంటాడు ఆ ఫోనాయప్ప." ముసలామె గింజ పక్కన పడేసింది. "ఈయప్ప వంగినప్పుడు మెడలో ఏలాడేటిది పోయి గిన్నెలో మునిగింది. ఎర్రది. నా కొంగుతోనే తుడిచినాడు. నన్నడిగింది కూడా ల్యా."

"పాయసం ఎట్లుండింది?"

"ఏం తెలుస్తాది? గిన్నె వాళ్లే ఎత్తుకపాయిరి. ఇంగోచోట కూడా తీయల్లంట."

రమ్యశ్రీ ఆ చీర అడిగింది. అవ్వ ఇంకా ఉతకలేదు. కొంగు అంచున రెండు సేమియా పోగులు ఎండి అతుక్కుని ఉన్నాయి.

నాలుగున్నరకు ప్రొద్దుటూరు. ఫంక్షన్ హాలు ముందు డప్పులు మోగుతున్నాయి. పూలు కట్టిన ఓపెన్ జీపు సిద్ధంగా ఉంది. మేడ మీద గదిలో శశిధర్ అద్దం ముందు ఉన్నాడు. నయీం తల దువ్వుతున్నాడు. సీఐ వేదవ్యాస కుర్చీలో ఉన్నాడు. రమ్యశ్రీ నాసిర్‌ను తనతో తీసుకొచ్చింది. నందినిని చిన్నసుబ్బయ్య కింద పోలీసు జీపు దగ్గర కూర్చోబెట్టాడు.

"రిపోర్ట్ తెచ్చారా?" అన్నాడు సీఐ.

"తెచ్చాను సార్. ఒక్క ఖాళీ ఉంది. శశిధర్ పూరిస్తే సంతకం పెట్టేస్తాను."

బల్ల మీద ఊరేగింపు కోసం తెచ్చిన కొత్త ఎర్ర గ్లవ్స్ జత ఉంది. ఆమె దాన్ని శశిధర్ ముందుకు జరిపింది.

"ఎట్లాగూ వేసుకోవాల్సినవే గదా. వేసుకో."

శశిధర్ నవ్వాడు. ఎడమ గ్లవ్ తొడిగాడు. కుడిచేత్తో లేసు లాగాడు. ఒక కొస పళ్లతో పట్టి ముడి వేశాడు. బాగానే వేశాడు. కుడి గ్లవ్ తొడిగాడు. ఆ తర్వాత, ఎవరివైపూ చూడకుండా, కుడిచేయి పక్కకు చాచాడు.

నయీం దువ్వెన కింద పెట్టి లేసు కట్టడం మొదలుపెట్టాడు. అతనూ ఆలోచించలేదు.

ముడి పూర్తయ్యే వరకు రమ్యశ్రీ ఆగింది.

"హరి కుడిచేతి లేసు ఎవరు కట్టినారు?"

సీఐ కుర్చీలో ముందుకు జరిగాడు.

"గ్లవ్ తొడిగిన చేత్తో రెండో గ్లవ్‌కు ముడి వేయలేరు సార్. ఉదయం షెడ్డులో ఉన్న వేరే జత వేసుకుని నేను చూసినాను. హరికీ తెలుసు. అందుకే పట్టీ అతికించే గ్లవ్స్ కొనుక్కున్నాడు. ఒంటరిగా చచ్చిపోయినాడంటున్న మనిషి చేతులకు రెండు ముడులూ ఉన్నాయి."

శశిధర్ మొహంలో నవ్వు ఇంకా పోలేదు. "నాసిర్ మాస్టర్ కట్టింటాడు. అందరికీ కట్టేది ఆయనే గదా. రాత్రి ఆయన యాడుండాడో అడగండి."

నాసిర్ శశిధర్ చేతుల వైపు చూశాడు. పన్నెండేళ్ల వయసులో ఈ చేతులకు మొదటిసారి గ్లవ్స్ తొడిగింది అతనే.

సీఐ నాసిర్ వైపు తిరిగాడు. "రాత్రి ఆయనకు తోడు ఎవరూ లేరన్నారు కదూ?"

"లేరు సార్. కానీ నాసిర్ పాయసం తినిపించలేదు."

ఆమె రెండు కవర్లు బల్ల మీద పెట్టింది. ఒకదానిలో శవం చేతి నుంచి తీసిన ఎడమ గ్లవ్. లేసు రంధ్రంలో సేమియా పోగు. చీమలు కవర్లో చచ్చి ఉన్నాయి. రెండోదానిలో వెంకటలక్ష్మమ్మ చీర.

"నిన్న మధ్యాహ్నం పులివెందులలో, నీ మెడలో ఉన్నప్పుడు ఈ గ్లవ్ పాయసంలో మునిగింది. రాత్రికి జమ్మలమడుగులో శవం చేతికెక్కింది. పోయిన నెల ఇచ్చినానన్న జత. నీ మెడలో నుంచి ఆడికి ఎట్ల పోయింది?"

"ల్యాబుకు పంపండి. అది ఏ పాయసమో ఎవరికి తెలుసు?"

"పంపుతాం. నయీం, నిన్న ఎనిమిదింటికి నువ్వు యాడున్నావు?"

నయీం నేల చూపులు చూశాడు. "ఇంట్లో మేడమ్. ఈడనే, ప్రొద్దుటూరులో. అన్న ఆరున్నరకు జమ్మలమడుగులో దిగినాడు. ఎనిమిది దాటినాక ఫోన్ చేసి, ఇప్పుడు పెట్టు అన్న్యాడు. అప్పుడు పెట్టినా."

"నోర్ముయ్ రా," అన్నాడు శశిధర్. అని చేయెత్తాడు. ఎత్తిన చేతికి గ్లవ్ ఉంది. ఎదురుగా సీఐ ఉన్నాడు. చేయి మెల్లగా దిగింది.

"నీకు ఎప్పుడూ ఎవరో ఒకరు కడతారు," అంది రమ్యశ్రీ. "అందుకే దానికి ఇంకో మనిషి కావాలని నీకు తోచలేదు. పుట్టి బుద్ధెరిగినంక ఇంకొకరికి నువ్వు లేసు కట్టింది ఒక్కసారే. అదీ శవానికి."

శశిధర్ నయీం వైపు చూశాడు. ఫోన్‌లో తీస్తున్నాడేమోనని. తీయడం లేదు. అప్పుడు గొంతు తగ్గించాడు.

"కొంచెంసేపు పడుకోమన్నా మేడమ్. అంతే. వానికేం పోతాది? నా పేరు మీదనే గదా అందరూ తింటాండేది. పడనన్న్యాడు. నా మొహం మీదే నవ్వినాడు. ఒక్కటే కొట్టినా. వట్టి చేత్తో."

"అప్పుడు పడినాడా?"

"ఊ."

"మళ్లీ లేవలేదు. నువ్వు ఆస్పత్రికి తీసుకపోలేదు. గ్లవ్స్ తొడిగినావు."

వీడియో ఇంకెక్కడా తిరగకుండా చూడగలరా అని శశిధర్ సీఐని అడిగాడు. ఏ వీడియో అని సీఐ అడిగాడు. శుక్రవారందని చెప్పాడు. తాను కింద పడిన వీడియో.

సీఐ లేచి టోపీ పెట్టుకున్నాడు. కిందికి తీసుకెళ్లమన్నాడు.

మెట్ల మీద శశిధర్ కనపడగానే డప్పులు జోరందుకున్నాయి. ఊరేగింపు మొదలైందనుకుని కుర్రాళ్లు ఈలలు వేశారు. ఒకడు పూలు చల్లాడు. ఇద్దరు పోలీసుల మధ్య నడుస్తున్న శశిధర్ అలవాటు కొద్దీ రెండు గ్లవ్స్ పైకెత్తాడు. ఈలలు పెరిగాయి. పూల జీపు దాటి పోలీసు జీపు ఎక్కాక తగ్గాయి.

జీపులో గ్లవ్స్ ఊడదీసుకోవాలని చూశాడు. పళ్లతో లాగాడు. ముడి రాలేదు. కిటికీలో నుంచి కుడిచేయి బయటికి చాచాడు. బయట నయీం నిలబడి ఉన్నాడు. నాసిర్ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఆ చేతిని చూశారు. ఎవరూ కదల్లేదు.

నందిని రమ్యశ్రీ దగ్గరకు వచ్చింది.

"ఏమని రాస్తారు మేడమ్?"

"కొట్టి చంపినాడని."

"పడనన్న్యాడని కూడా రాయండి."

రమ్యశ్రీ జీపు బానెట్ మీద కాగితం పెట్టి, అక్కడే రాసింది.