మూడోసారి వినిపించిన పాట

ఆ ఇంట్లో వెనక గదికి మంచి పేరు లేదు. పాటల పంతులమ్మ ఒకావిడ ఏళ్ల తరబడి అందులోనే పిల్లలకు సంగీతం చెప్పి, అందులోనే కన్నుమూసిందట. ఆవిడ పోయాక కూడా చీకటిపడితే కూనిరాగం వినిపిస్తుందనీ, ఆ తర్వాత అద్దెకు దిగినవాళ్లు నెల తిరక్కుండానే మూటాముల్లె సర్దేశారనీ చెప్పుకుంటారు.

గడియారాలు బాగుచేసే మేస్త్రి మాత్రం ఆ గది చూసి ఎగిరి గంతేశాడు. పాటలు వినడానికి తనకంటూ ఒక గది ఉండాలని ఇరవై ఏళ్లుగా కలవరిస్తున్నాడు మరి. భార్య ఒక తాళంకప్ప తెచ్చి గుమ్మం పక్కన మేకుకు తగిలించింది.

"ఒక్క వింత కనబడినా, వినబడినా... ఈ గదికి తాళమే. ఇక నన్ను బతిమాలొద్దు."

"సరేలేవే" అన్నాడు.

గదిలోకి రెండు పెట్టెలు చేరాయి. ఒకటి సీడీని తిప్పి అందులోని అంకెలు చదువుతుంది. రెండోది, డాక్ అంటారు దాన్ని, ఆ అంకెల్ని పాటగా మారుస్తుంది. మధ్యలో ఏ వైరు వేయాలన్నదే తంటా. రాగితీగ ఉండే కోయాక్సియలా? పాటను వెలుగు మీద మోసుకెళ్లే ఆప్టికలా? కొట్టతను రెండూ ఇచ్చి, రేపటికల్లా ఒకటి తిరిగిచ్చేయమన్నాడు. నలభై గడియారాల మధ్య ఏది తడబడుతోందో చెవితోనే పట్టేసే మనిషి మేస్త్రి. ఆ చెవి మీద ఆయనకు కొండంత నమ్మకం.

"నేను చూడకుండా నువ్వు వైర్లు మార్చు. ఏది ఏదో విని చెబుతా."

"మీరు దొంగచాటుగా చూస్తారు. లైటు ఆర్పాల్సిందే. మార్కులు చివర్లోనే చెబుతా."

పెట్టెల మీది చిన్న దీపాలకు కూడా ఆవిడ తువ్వాలు కప్పింది. రాత్రి ఎనిమిదింటికి లైటు ఆరింది. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. ఆయన కుర్చీలో, ఆవిడ పెట్టెలు పెట్టిన అలమర వెనక. సీడీలో ఉన్నది వాద్యాలేవీ లేకుండా ఒక ఆడగొంతు పాడిన జోలపాట.

మొదటిసారి... "కోయాక్సియల్!" అన్నాడు ధీమాగా.

రెండోసారి... "ఆప్టికల్. కాస్త మెత్తగా ఉంది."

మూడోసారికి అలమర వెనక చాలాసేపు తడుములాట.

అప్పుడు చీకట్లో — ఒక ఎర్రటి కన్ను తెరుచుకుంది.

ఒకే ఒక్క కన్ను. కందిగింజంత. అలమర పక్కన, గాల్లో... మెల్లగా పైకి లేచింది. ఆగింది. ఆయన వైపు తిరిగింది.

మేస్త్రి కేక పెట్టబోయాడు — పెడితే గది పోతుంది! మేకుకు వేలాడే తాళంకప్ప గుర్తొచ్చి పంటిబిగువున కూర్చున్నాడు.

అంతలో పాట మొదలైంది. పల్లవి కాస్త బెరుగ్గా, పక్కనే నిలబడి పాడుతున్నట్టు వచ్చింది. చరణానికి వచ్చేసరికి... అబ్బ! గది నిండిపోయింది. ఇన్నేళ్లలో ఏ పాటా అంత బాగా వినిపించలేదు. కన్ను సంగతే మరిచిపోయి ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఇదే! మూడోదే! ఏ వైరే ఇది?"

లైటు వెలిగింది. ఆవిడ చేతిలో ఆప్టికల్ వైరు. దాని ఒక కొస సీడీ పెట్టెలోనే ఉంది, రెండో కొసన ఎర్రటి వెలుగు చుక్క. పాటను మోసే వెలుగే అది. ఆయన చూసిన కన్నూ అదే! మేస్త్రి పగలబడి నవ్వి, భయపడ్డ సంగతి చెప్పేశాడు. ఆవిడా పొట్ట పట్టుకుని నవ్వింది.

"చీకట్లో డాక్ కంత దొరికి చావలేదండీ. రెండు వైర్ల కొసలూ నా చేతిలోనే ఉన్నాయి. మిమ్మల్ని ఆటపట్టిద్దామని నేనే పాడేశా."

"నువ్వా! ఆ చరణం... ఇంతకాలం ఎక్కడ దాచావే ఆ గొంతు?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నేను పల్లవి దగ్గరే ఆపేశాను. చరణం నాకు రాదు. తర్వాతది మీరే రిమోటు నొక్కి పెట్టుకున్నారనుకున్నా... కానీ వైరే పెట్టలేదుగా!"

రిమోటు అలమర మీదే ఉంది, ఆవిడ పెట్టినచోటే.

ఇద్దరూ గది నాలుగు మూలలూ చూశారు. ఆవిడ మెల్లగా వెళ్లి మేకు మీంచి తాళంకప్ప తీసింది. అయిపోయింది, ఇరవై ఏళ్ల కల ఒక్క పూటకే చెదిరిపోయిందనుకున్నాడు మేస్త్రి.

ఆవిడ తాళంకప్పను గది బయట పడేసి, తలుపు దగ్గరగా వేసి, లైటు ఆర్పింది. వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"వైర్లు రెండూ రేపు తిరిగిచ్చేయండి" అంది గుసగుసగా. "కదలకండి... రెండో చరణం కూడా పాడుతుందేమో."