ఎండబండ మీది తూటా

తూటా ఒక్కటీ లేని రైఫిల్‌ను భుజాన వేసుకుని అంత దర్జాగా అడవిలోకి నడిచే మనిషిని మౌనేశ్వరి ఎన్నడూ చూడలేదు. ఆ మనిషి జగపతిరాజు, ఒకప్పటి జమీందారు మనవడు. అడవిదున్నను ఒక్క దెబ్బకు ఆపాలని ఆయన తాత తన కోటలోనే చేయించుకున్న జంటగొట్టాల రైఫిల్ అది. దానికి సరిపడే పెద్ద తూటాలు అమ్మిన విదేశీ కంపెనీ వాటి తయారీ మానేసి చాలాకాలమైంది.

"రాజుగారూ, చేతికర్ర తెచ్చుకున్నా ఇంతకన్నా తేలిగ్గా ఉండేది కదండీ," అంది మౌనేశ్వరి.

"నడువమ్మాయ్. మా తాతగారి తూటా పుట్టినచోటికి పోతూ దీన్ని ఇంట్లో పెట్టి రమ్మంటావా?"

మా తాతగారి తూటా అన్న మాట ఆమెకు చురుక్కుమంది. అసలు తగువంతా అక్కడే ఉంది. ఆ తూటా తమ బుర్రలో పుట్టిందని కంపెనీవారు చాటుకున్నారు. కాదు, జమీందారుగారిదని ఆయన పక్కన తిరిగిన వేటగాళ్ళు వాదించారు. కోటలో తుపాకులు చేసే మనోహరాచారి మాత్రం అది నాది అన్నాడు. అన్నందుకు, కంపెనీ సరుకు చూసి కాపీ కొట్టాడని నిందవేసి గెంటేశారు. ఆ ఏడే ఆయన చలిజ్వరంతో పోయాడు. మౌనేశ్వరి ఆయన మనవరాలు. తండ్రి దగ్గర పని నేర్చుకుని రాజమండ్రిలో తుపాకులు బాగుచేసే కొట్టు నడుపుతోంది. ఆమె పనితనాన్ని మెచ్చుకున్న నోటితోనే జనం "దొంగాచారి మనవరాలు" అంటారు. ఆ మాట చెరిపెయ్యాలనే ఆమె ఈ కొండలెక్కింది.

దారి చూపించింది ఆ రైఫిలే. శుభ్రం చేయమని రాజు తెచ్చి ఇచ్చినప్పుడు, భుజానికి ఆనే కర్ర చివర ఉన్న ఇత్తడి రేకు ఊడదీసింది. లోపలివైపు సన్నని ఉలితో గీసిన బొమ్మ కనిపించింది: మూడు తలల కొండ, కింద వాగు, పైన గుహ, గుహ ముందు సూర్యుడు. తాత చేతి గీత ఆమెకు తెలుసు; తూటా పుట్టింది ఆ గుహలోనే అయ్యుంటుందని రాజుతో అంది. అక్కడ ఏ నిజం దొరికినా దానికి కట్టుబడాలి, ఓడినవాళ్ళు ఇక నోరెత్తకూడదు అని ఇద్దరూ మాట అనుకున్నారు. దారి తెలిసిన పొట్టిరెడ్డి అనే కొండరెడ్ల మనిషి విల్లు భుజాన వేసుకుని, గొడ్డలి చేతబట్టి ముందు నడిచాడు.

వాగు మొలలోతు పారుతోంది. దాటారు. వెదురు పొదలను నరుక్కుంటూ, జీలుగు చెట్ల నీడన నిలబడి ఊపిరి తీసుకుంటూ, నాచు పట్టిన రాళ్ళ మీద జారుతూ ఎగబాకారు. సూర్యుడంటే తూర్పే అని రాజు పట్టుబట్టడంతో తూర్పు చరియలోని గుహలన్నీ వెతికారు. ఒకదాంట్లో గబ్బిలాలు మొహాన కొట్టాయి, ఇంకోదాంట్లో ముళ్ళపంది ముళ్ళు తప్ప మరేం లేవు. మధ్యాహ్నమయ్యేసరికి రాజు ఒక రాతి మీద చతికిలబడ్డాడు.

"మీ తాత మనందరినీ వెర్రివాళ్ళను చేశాడు," అన్నాడు.

మౌనేశ్వరికి ఒళ్ళు మండింది. అంతలోనే తండ్రి చెప్పిన మాటొకటి గుర్తుకొచ్చింది.

"మా తాత కొత్త తూటా ఏది చేసినా ముందు ఎండబెట్టేవాడటండీ, వడియాలు పెట్టినట్టు. చలిదేశంలో బుద్ధిగా పేలే మందు మన ఎండకి రెచ్చిపోద్ది. తూటా ఇత్తడి తొడుగు ఉబ్బి తుపాకీ గొట్టంలో బిగుసుకుపోద్ది. రెండో తూటా పెడదామంటే మొదటిది ఊడిరాదు. దున్న ఊరుకుంటుందాండీ? అందుకే మాడ్చిమాడ్చి పేల్చి చూసేవాడు. ఆ సూర్యుడు తూర్పు కాదు. ఎండ బాగా కాసే బండ."

పొట్టిరెడ్డి గొడ్డలి దించాడు. "పడమటేపు ఉందమ్మా అట్టాంటిది. పెనంబండంటాం. ఈ ఏళప్పుడు దానిమీద కాలెట్టలేం."

తీగలు పట్టుకుని పడమటి చరియకు దిగారు. నల్లటి బండ, దాని వెనక మనిషి వంగి దూరేంత సందు. రాజు రైఫిల్‌ను బండకు ఆనించి చెమట తుడుచుకుంటూ కూలబడ్డాడు. మౌనేశ్వరి సందులో దూరింది.

లోపల రాతి అరుగు మీద పేల్చేసిన ఖాళీ ఇత్తడి తూటాగొట్టాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పైకప్పు నెర్రెలోంచి పడే వెలుగులో ఒక్కొక్కటే తీసి తుడిచింది. మొదటివి అడుగు నుంచి మూతిదాకా ఒకే లావున ఉన్నాయి, పక్కలు పగిలాయి. తర్వాతవి పొట్టివి, అడుగులు ఉబ్బాయి. ఆ తర్వాతవి కాస్త పొడుగు, మూతి వైపు కాస్త సన్నం. పోనుపోను తూటాగొట్టం సాగింది, అడుగు వెడల్పయింది, పగుళ్ళు తగ్గాయి. తాత ఆలోచన ఆమె కళ్ళముందు నడిచింది. గుండు బరువు తగ్గించలేదు, మందు తగ్గించలేదు. మందు మండడానికి చోటు పెంచాడు. ఆ చోటు వల్ల ఒత్తిడి తగ్గింది, ఆ వాలు వల్ల ఖాళీ తూటా ఇట్టే ఊడివస్తుంది. ఎంత మంచి పనివాడివి తాతా అనుకుంది, కళ్ళు చెమర్చాయి.

వరస చివర, మైనం గుడ్డలో చుట్టిన నిండు తూటా ఒకటుంది. పేల్చనిది. అదొక్కటే.

"రాజుగారూ, రైఫిలివ్వండి!"

రాజు సందులోంచి అందించాడు. ఎండకు కాగిన ఇనుము చేతుల్ని చుర్రుమనిపించింది. తూటా రైఫిల్ గొట్టంలోకి తనిల్లు తాను చేరినట్టు జారింది. ఆమె నవ్వుకునేలోగా బయట పొట్టిరెడ్డి కేక వినిపించింది.

"ఎలుగు! రాజుగోరూ, కదలమాకండి!"

మౌనేశ్వరి సందులోంచి బయటపడింది. పొదలోంచి ఆడ ఎలుగు పిల్లను వెనకేసుకుని వచ్చింది. రాజుకు వెనక లోయ, ముందు ఎలుగు. పొట్టిరెడ్డి బాణం ఎక్కుపెట్టాడు కానీ రాజే అడ్డంగా ఉన్నాడు. ఎలుగు వెనక్కాళ్ళ మీద లేచింది.

ఈ తూటా పేలిపోతే తాత చేసిన నిండు తూటా లోకంలో ఇంకొకటి ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తాతను గెంటినవాళ్ళ మనవడే ఎదురుగా ఉన్నాడనీ తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. ఎలుగు పక్కనున్న రాతికి గురిపెట్టి మీట నొక్కింది.

కొండ అదిరింది. రాయి పిండిపిండై లేచింది. ఎలుగు గిర్రున తిరిగి పిల్లతో సహా పొదల్లోకి దూసుకుపోయింది. దెబ్బకు వెల్లకిల పడ్డ మౌనేశ్వరి భుజం పట్టుకుని లేచింది. అలవాటుకొద్దీ రైఫిల్ మడిచి గొట్టం చూసింది. కాలిపోతున్న ఆ ఇనుములోంచి ఖాళీ తూటా వేలికొసతో తాకగానే ఊడి అరచేతిలో పడింది. ఎక్కడా ఉబ్బలేదు, పగల్లేదు.

"అయిపోయింది," అంది ఆ ఖాళీ తూటా వైపు చూస్తూ. "ఉన్న ఒక్క సాక్ష్యం కాల్చేశానండీ."

రాజు గుహలోకి వెళ్ళి, చాలాసేపటికి వచ్చాడు. ఆయన దోసిట్లో పగిలిన తూటాలున్నాయి.

"సాక్ష్యం అదెందుకవుతుంది? నిండు తూటా ఒక్కటే దొరికుంటే కాపీ అనేవాణ్ణి. కాపీ కొట్టేవాడు ఇన్ని తప్పులు చేసి చూసుకోడమ్మా." ఆ పగిలిన గొట్టాలను తన తలపాగాలో మూటగట్టి ఆమె చేతికిచ్చాడు.

పొద్దువాలే వేళకు పొట్టిరెడ్డి ఊరు చేరారు. కొండంతా మోగిన ఆ చప్పుడు విని జనం పోగయ్యారు. ఆ రైఫిల్ మీ తాతగారిదేనా అని ఒక ముసలాయన రాజును అడిగాడు.

జగపతిరాజు రైఫిల్‌ను భుజాన్నుంచి దించి, రెండు చేతులతో మౌనేశ్వరికి అందించాడు.

"చేయించుకున్నది మా తాత," అన్నాడు. "చేసినవారు మనోహరాచారిగారు. తూటా కూడా వారిదే. ఈవిడ వారి మనవరాలు."