పసుపు లేని టికెట్టు

"గెలవని టికెట్టు మారిపోతే కేసేమిటి తల్లీ?"

కానిస్టేబుల్ ఆనందన్ పకపకా నవ్వాడు.

1973. మద్రాసు, సౌకార్‌పేట పోలీసు స్టేషను. శుక్రవారం ఉదయం పదీ ఇరవై.

ఎదురుగా కన్నియమ్మ. మిరపకాయల మండీలో తొడిమలు తీసే కూలి. చేతిలో లాటరీ టికెట్టు.

ఇన్‌స్పెక్టర్ వెంకటాచలం నవ్వలేదు. "ఇది నీది కాదని ఎట్లా తెలిసింది? చదువు వచ్చునా?"

"రాదు సామీ. నా టికెట్టు మూలకి పసుపు ఉండాది. కొన్న దినమే అమ్మోరి కాడ పెట్టి, రెండు పక్కలా పూస్తా. దీనికేదీ?"

వెంకటాచలం టికెట్టును వెలుతురులో తిప్పి చూశాడు. పసుపు లేదు. అంచున ఎండిన తెల్లటి మరక మాత్రం ఉంది.

"ఎవరెవరు ముట్టుకున్నారు?"

"అమ్మిన ఏకాంబరం. మా ఆయన సుబ్బన్. ఈ పొద్దు ఎనిమిదిన్నరకి మండీ గుమాస్తా కోదండరాం పేపర్లో చూసి, 'నీకు తగల్లేదు పో' అని తిరిగిచ్చినాడు."

గెలవని టికెట్టును మార్చే వెర్రివాడెవడు? గెలిచింది కాబట్టే మార్చారు. లేదా ఈమే నాటకమాడుతోంది. వెంకటాచలానికి అందరి మీదా అనుమానమే.

"సగం రోజు కూలి పోసి ఎందుకు కొంటావమ్మా?"

"మా ఆయన లాగేది బాడుగ బండి సామీ. కూలి దాచి సొంత బండి కొనాలంటే ఈ జన్మకి అయ్యే పనా? టికెట్టు కొన్న దినం నుంచి డ్రా దాకా ఆ బండి మాదే అనుకోని నిద్రపోతాం."

పదీ నలభై అయిదు. మండీలో ముగ్గురినీ వరసగా నిలబెట్టారు.

"అమ్మినాక నేను దాన్ని చూడనే లేదు సార్." ఏకాంబరం ముక్కుపొడుం పీల్చాడు.

"గెలిస్తే బండి నాకే గదా! నేనెందుకు దొంగిలిస్తా?" సుబ్బన్ చెవి వెనక బీడీ సర్దుకున్నాడు.

"రామ రామ! లాటరీ జోలికే పోను సార్," అన్నాడు కోదండరాం. నోటినిండా తాంబూలం.

వెంకటాచలం అతని వేళ్ళు చూశాడు. కొసల్లో సున్నం.

"ఆకువక్క పెట్టె తెరవండి."

తమలపాకుల అడుగున ఒక టికెట్టు. ఆనందన్ పేపరు తీసి నెంబరు చూశాడు. "మూడో ప్రైజు సార్! పదివేలు!"

"అది నాదే!" కోదండరాం అరిచాడు. "సిగ్గేసి చెప్పలేదు. ఆమె టికెట్టుకి పసుపు గదా? దీనికి చూడండి, కుంకుమ! మా ఇంటిది పెట్టింది."

నిజమే. మూల ఎర్రగా ఉంది. కన్నియమ్మ మొహం పాలిపోయింది.

వెంకటాచలం వేలితో రుద్దాడు. కుంకుమైతే రాలేది; ఈ ఎరుపు వేలికి అంటలేదు.

"కన్నియమ్మా, దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎట్లా కలుపుతావు?"

"పసుపులో సున్నం వేసి..." ఆమె చటుక్కున ఆగింది. "అయ్యో! సున్నం!"

"అంతే. ఆకుకు సున్నం రాసిన వేలితోనే ఈయన నీ టికెట్టు పట్టుకున్నాడు. పసుపు ఎర్రబడింది. నీకు అంటగట్టిన టికెట్టు అంచునా అదే సున్నం." వెంకటాచలం టికెట్టును వెనక్కి తిప్పాడు. వేలు తగలని చోట పసుపు పచ్చగానే ఉంది.

కోదండరాం గోనె బస్తా మీద కూలబడ్డాడు. "అయిదేళ్ళుగా నేనూ కొంటున్నా సార్. ఒక్కటంటే ఒక్కటీ తగల్లేదు."

జాలేసింది ఇన్‌స్పెక్టర్‌కి. అయినా బేడీలు వేయమన్నాడు.

"దీన్ని కోర్టుకు చూపించి నీకిచ్చేస్తారు. రసీదు రాసిస్తా. ఇదిగో, చివరిసారి చూసుకో."

కన్నియమ్మ టికెట్టును రెండు చేతులా పట్టుకుంది. "నెంబరు చదవండి సామీ, ఈ తూరి గుర్తు పెట్టుకుంటా. ఆడినుంచే చదవండి."

వెంకటాచలం చదివాడు. ఆమె ఆనందన్‌ను గడప అవతలికి పిలిచి, విడిగా చదివించింది. తర్వాత వీధిలో పోతున్న ముక్కూమొహం తెలియని మనిషిని ఆపి, అతనిచేతా చదివించింది. టికెట్టు మాత్రం వదల్లేదు.

ముగ్గురూ ఒకే నెంబరు చెప్పారు.

అప్పుడు ఏడ్చింది కన్నియమ్మ.