పేరు పెట్టి పిలవకపోతే

పెనాంగ్‌లో మా రేవు ఇళ్లన్నీ సముద్రంలో పాతిన కొయ్యగుంజల మీద నిలబడి ఉండేవి. ఇరవై ఏడు గడపలు, అందరిదీ ఒకటే ఇంటిపేరు. ఆ సాయంత్రానికి మాది తప్ప అన్నీ ఖాళీ. తెల్లారితే కూల్చే యంత్రాలు వస్తాయి. మా సామాను మధ్యాహ్నమే పదిహేడో అంతస్తులోని ఫ్లాటుకు చేరిపోయింది. మిగిలింది నాన్నమ్మ ఒక్కతే.

నాన్నమ్మ పోయి మూడేళ్లు. పూజగూట్లో ఆమె పేరున ధూపం కుండ ఉంది. దాన్ని కదపాలంటే ఆమె ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదని వదిలేసి వెళ్తే రేపటి నుంచి ఆమెకు గూడూ ఉండదు, పిడికెడు అన్నం పెట్టే దిక్కూ ఉండదు.

అడగడానికి నెలవంకల్లాంటి చెక్కలు రెండు ఉంటాయి. ఒకవైపు బల్లపరుపు, ఒకవైపు ఉబ్బు. నేల మీద వేస్తే ఒకటి అలా, ఒకటి ఇలా పడితే అవునని. రెండూ ఉబ్బు పైకి పడితే కాదని. రెండూ బల్లపరుపు పైకి పడితే, పోయినవాళ్లు నవ్వుతున్నారని. వరుసగా మూడుసార్లు అవునని రావాలి.

అమ్మ మోకాళ్ల మీద కూర్చుని నాన్నమ్మ పేరు, చైనాలో పుట్టిన ఊరు, పుట్టిన ఏడు చెప్పింది. ఆ మూడూ చెప్పి పిలిస్తేనే మనం పిలిచినవాళ్లు పలుకుతారు. రేవు కింద నీళ్లలో పడి పోయినవాళ్లు తక్కువేం కాదు మరి.

"అత్తయ్యా, మాతో కొత్త ఇంటికి వస్తారా?"

కాదు. మళ్లీ వేసింది. కాదు.

"పదిహేడో అంతస్తు అనేసరికి ముసలామెకు కళ్లు తిరుగుతున్నట్టున్నాయి," అన్నాడు చొంగ్ హాన్ అన్నయ్య. అమ్మ నవ్వలేదు.

చైనాలోని మీ ఊరికి తీసుకెళ్లమంటారా అని అడిగితే కాదు. ఇక్కడే ఉంటారా అంటే కాదు. తొమ్మిదేళ్ల పిల్లగా ఓడ దిగిన నాన్నమ్మ బతికినన్నాళ్లూ "ఇంటికి ఎప్పుడు వెళ్దాం?" అని అడుగుతూనే ఉండేది. నాన్న ఒకసారి ఆ ఊరికే తీసుకెళ్లాడు. రెండోరోజు పొద్దున్నే అక్కడా అదే అడిగిందట.

చీకటి పడింది. కరెంటు ముందే తీసేశారు. పోటు ఎక్కి నీళ్లు పలకల కింద చప్పరిస్తున్నాయి. బురద వాసన, కుళ్లిన చేప వాసన. వరుసగా ఏడు కాదులు. లెక్క నా బుర్రలో దానంతటదే తేలింది. పదహారు వేలసార్లలో ఒక్కసారి జరగాల్సింది.

అమ్మ నుదురు నేలకు ఆనించింది. ఆమె గొంతు ఎప్పుడో బొంగురుపోయింది.

"ఇల్లు లేకుండా అయిపోతారు... రండి. మా ఇంటికి రండి."

అవును. అవును. అవును.

"అమ్మా," అన్నాను గుసగుసగా. "ఈసారి పేరు చెప్పలేదు నువ్వు."

"నోరు మూసుకో ఖిమ్," అన్నాడు అన్నయ్య. "ఒప్పుకుంది. అది చాలు."

కుండ నేను ఎత్తుకున్నాను. అమ్మ దాని మీద నల్లగొడుగు పట్టింది. పోయినవాళ్లకు కొత్త దారి తెలియదు కాబట్టి అన్నయ్య ముందు నడుస్తూ చెబుతున్నాడు. గడప దాటుతున్నాం నాన్నమ్మా. మలుపు తిరుగుతున్నాం నాన్నమ్మా.

అప్పుడు వెనక, మా ఖాళీ ఇంట్లోంచి...

"ఇంటికి ఎప్పుడు వెళ్దాం?"

నాన్నమ్మ గొంతు.

అన్నయ్య మాట ఆగిపోయింది. దారిలో వెనక్కి తిరగకూడదు. కుండ దించకూడదు. కాళ్లు వాటంతటవే నడిచాయి. ఒడ్డుకు వేసిన చిన్న వంతెన ఎక్కాం. ఎవరూ ఏమీ చెప్పలేదు.

గొడుగు కింద... నా చెవి పక్కనే... ఎప్పుడూ వినని గొంతు.

"వంతెన వచ్చిందిగా. చెప్పరేం?"

ఇప్పుడు ఆ రేవు లేదు. అమ్మ రోజూ ఫ్లాటులో కుండ ముందు అన్నం, వేపుడు చేప పెట్టి, చెక్కలు వేసి కడుపు నిండిందా అని అడుగుతుంది. కాదు. మళ్లీ వండుతుంది. కాదు. మళ్లీ పొయ్యి వెలిగిస్తుంది. అమ్మ తినడం మానేసింది.

ఇవాళ ఆమె వంటింట్లో ఉండగా చెక్కలు నేను తీశాను. నాన్నమ్మ పేరు, ఊరు, పుట్టిన ఏడు చెప్పాను. నాన్నమ్మ ఇంకా ఆ రేవులోనే ఉందా అని అడిగాను.

రెండూ బల్లపరుపు పైకి పడ్డాయి. ఉబ్బు మీద అటూ ఇటూ ఊగాయి. అమ్మ అన్నం వార్చింది, చేప వేయించింది, పళ్లెం తెచ్చి పెట్టింది.

అవి ఇంకా ఊగుతూనే ఉన్నాయి.